బట్ట మీది పూలతీగకు లోతు ఎలా వస్తుంది? డిజిటల్ ప్యాటర్న్‌లో పొరల లెక్క

కంప్యూటర్ మీద తయారయ్యే చీరల, డ్రెస్ మెటీరియళ్ల, దుప్పట్ల డిజైన్లలో తరచుగా ఎదురయ్యే చిక్కు ఒకటుంది. డిజైనర్ పది పన్నెండు లేయర్లు, అంటే బొమ్మను భాగాలుగా గీసుకునే పొరలు, పేర్చి, ప్రతి పువ్వుకూ నీడ, ప్రతి ఆకుకూ మెరుపు అద్ది, తెర మీద ఎంతో నిండుగా కనిపించే బొమ్మను తయారు చేస్తారు. అదే బొమ్మ మీటర్ల కొద్దీ బట్ట మీదికి ఎక్కేసరికి పూలు, ఆకులు, తీగలు అన్నీ ఒకే తలానికి అతుక్కుపోతాయి, నీడలు మాత్రం మాసిన మరకలుగా మిగులుతాయి. ఇందుకు పూర్తిగా భిన్నమైన ఉదాహరణ ఇంగ్లీషు డిజైనర్ విలియం మోరిస్ 1883లో రూపొందించిన ‘స్ట్రాబెరీ థీఫ్’ అనే అచ్చువేసిన నూలు బట్ట. ఒక వస్తువు నీడ మరో వస్తువు మీద పడటం అనేది అందులో ఎక్కడా కనిపించదు. అయినా ముదురు నీలి నేల వెనక్కి తగ్గి, సన్నని ఆకులు నడుమ అల్లుకుని, పక్షులు అన్నిటికంటే ముందుకు వచ్చి నిలబడతాయి. ఆ బట్టను ముందు అంతటా నీలిమందులో ముంచి, తర్వాత రంగును తీసేసే రసాయనాన్ని అచ్చులతో అద్ది, కొన్నిచోట్ల పూర్తిగా తెలుపు, కొన్నిచోట్ల లేత నీలం వచ్చేటట్టు చేశారు. అంటే ఎరుపు, పసుపు పడక ముందే ముదురు, మధ్యమం, లేత అనే మూడు మెట్లు బట్టలో సిద్ధంగా ఉన్నాయి. లోతు అక్కడే పుట్టింది, తర్వాత వచ్చిన రంగులు దాన్ని నిలబెట్టాయి.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచినది ఇదే. ప్యాటర్న్‌లో లోతు అనేది చివర్లో అద్దే ఎఫెక్టు కాదు. ఏది ముందు, ఏది వెనుక అన్న క్రమాన్ని కన్ను తేల్చుకోవడానికి మనం ఇచ్చే ఆధారాల మొత్తమే లోతు. ఆ ఆధారాలలో కొన్ని ప్రకృతి దృశ్యం గీసేవారికి పనికొచ్చినంతగా ప్యాటర్న్ గీసేవారికి పనికిరావు, ఎందుకంటే ప్యాటర్న్ అన్ని దిక్కులకూ తిరిగి తిరిగి వస్తుంది. ఈ తేడాను అర్థం చేసుకోకుండా ఎన్ని లేయర్లు పెంచినా ఫలితం ఉండదు.

కన్ను క్రమాన్ని ఎలా చదువుతుంది

డేనిష్ మనస్తత్వవేత్త ఎడ్గర్ రూబిన్ 1915లో బొమ్మకూ నేపథ్యానికీ ఉన్న సంబంధాన్ని వివరిస్తూ, రెండు ప్రాంతాల నడుమ ఉన్న గీతను కన్ను ఏదో ఒక వైపుకే అంచుగా కేటాయిస్తుందని చూపించాడు. అంచు దక్కిన వైపు వస్తువు అవుతుంది, దక్కని వైపు దాని వెనుక కొనసాగే నేల అవుతుంది. లేయర్ల గురించి తెలుసుకోవలసిన మొదటి సంగతి ఇదే. లేయర్ ప్యానెల్‌లో ఏది పైన ఉందో సాఫ్ట్‌వేర్‌కు తెలుసు గాని, చూసేవారికి తెలియదు. వారికి తెలిసేది అంచుల ద్వారానే.

ఒక ఆకు గీత వచ్చి పువ్వు రేకు అంచు దగ్గర ఠక్కున ఆగిపోయిందనుకుందాం. అక్కడ ఇంగ్లీషు టీ అక్షరం ఆకారంలో ఒక కూడలి ఏర్పడుతుంది. అడ్డుగీతగా నిరాటంకంగా సాగేది ముందున్న వస్తువుదని, వచ్చి ఆగిపోయినది వెనుక ఉన్న వస్తువుదని కన్ను క్షణంలో నిర్ణయిస్తుంది. ఆగిపోయిన ఆకు రేకు కింద కూడా కొనసాగుతోందని మనసు దానంతట అదే పూరించుకుంటుంది. ఇటాలియన్ పరిశోధకుడు గయెటానో కనిజ్సా 1955లో ప్రచురించిన త్రిభుజం బొమ్మలో అసలు గీయని త్రిభుజం కూడా స్పష్టంగా ముందుకు వచ్చి కనిపించడానికి కారణం ఈ పూరించుకునే గుణమే. నీడ లేకుండా, రంగు మార్పు లేకుండా, ఒట్టి గీతలతోనే లోతు తీసుకురావచ్చనడానికి ఇంతకంటే బలమైన రుజువు అక్కరలేదు.

దీని నుంచి వచ్చే ఆచరణ సూత్రం సులభమే గాని, చాలా డిజైన్లలో పాటించబడదు. రెండు మోటిఫ్‌లు, అంటే పువ్వు, ఆకు వంటి అలంకరణ రూపాలు, ఒకదాన్నొకటి కప్పాలి, లేదా స్పష్టంగా దూరంగా ఉండాలి. అంచులు ఒకదాన్నొకటి ముట్టుకుని ఆగిపోతే టీ కూడలి ఏర్పడదు, కన్ను ఆ రెండింటినీ ఒకే తలంలో పక్కపక్కన అతికిస్తుంది. ఒక టైల్‌లో, అంటే బట్ట అంతటా తిరిగి తిరిగి వచ్చే ఒక ముక్కలో, ఇటువంటి ముట్టుకునే చోట్లు నాలుగు ఉన్నా, అది రిపీట్ అయ్యేసరికి అవే బట్ట అంతటా లోతును చంపేస్తాయి. కప్పేటప్పుడు కూడా కొసను మాత్రమే కప్పి ఊరుకుంటే పొరపాటున తగిలినట్టు ఉంటుంది. వెనుక ఉన్న పువ్వులో మూడోవంతు వరకూ ధైర్యంగా దాచవచ్చు, కాని ఆ పువ్వును ఆ పువ్వుగా గుర్తుపట్టించే భాగాన్ని, అంటే తామరకు రేకుల మొనలను, మామిడి పిందెకు వంపు తిరిగిన కొసను మాత్రం దాచకూడదు. సగం కనిపించే వస్తువును మనసు పూరించుకోవాలంటే దాని ఆకారం ముందే తెలిసి ఉండాలి. అందుకే ఒకే మోటిఫ్ కనీసం ఒకచోటైనా పూర్తిగా కనిపించి, మిగిలినచోట్ల తీగల వెనుక తొంగిచూసే డిజైన్ బాగా పండుతుంది.

ముదురు, లేత: రంగు కంటే ముందు తేల్చుకోవలసిన లెక్క

కప్పడం క్రమాన్ని చెబుతుంది గాని, ఎంత దూరం అన్నది చెప్పదు. ఆ పని ముదురు లేతల తేడాది. రెండు మీటర్ల దూరం నుంచి చూసినప్పుడు సన్నని టీ కూడళ్లు కంటికి ఆనవు, అప్పుడు పొరలను విడదీసేది ఇదొక్కటే. నా ఉద్దేశంలో డిజిటల్ ప్యాటర్న్‌లో లోతు విఫలమయ్యే సందర్భాలలో ఎక్కువ భాగం ఇక్కడే విఫలమవుతాయి, ఎందుకంటే రంగులు వేరుగా ఉంటే పొరలు కూడా వేరుగా ఉన్నట్టేనని మనం భ్రమపడతాం.

రంగుకూ వెలుగుకూ ఉన్న తేడాను అంకెలలో చూస్తే విషయం స్పష్టమవుతుంది. 1976లో ప్రమాణంగా ఏర్పడిన సీఐఈ ల్యాబ్ అనే రంగుల కొలత పద్ధతిలో నలుపు నుంచి తెలుపు దాకా వెలుగును 0 నుంచి 100 వరకు కొలుస్తారు. తెర మీది స్వచ్ఛమైన పసుపు ఈ కొలతలో దాదాపు 97, స్వచ్ఛమైన ఆకుపచ్చ దాదాపు 88, ఎరుపు 53, నీలం 32. నాలుగూ అంతే గాఢమైన రంగులు, కాని ఒకటి దాదాపు తెలుపు మెట్టు మీద, మరొకటి ముదురు మెట్టు మీద ఉన్నాయి. దీనికి విరుద్ధంగా, మధ్యస్థమైన గులాబీని, మధ్యస్థమైన ఆకుపచ్చను ఒకే 60 దగ్గర పెడితే, రంగుచక్రంలో అవి ఎదురెదురుగా ఉన్నా, దూరం నుంచి పువ్వూ ఆకూ కలిసిపోయి ఒకే ముద్దగా మారతాయి.

కాబట్టి రంగులు వేయకముందే ప్రతి పొరకూ ఒక వెలుగు మెట్టును కేటాయించడం ఉత్తమం. లేత నేల కావాలంటే, నేల 92 దగ్గర, వెనుక తీగలు 80 దగ్గర, నడుమ ఆకులు 62 దగ్గర, ముందు పూలు 35 దగ్గర ఉంచవచ్చు. ముదురు నేల అయితే ఈ వరస తలకిందులవుతుంది. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ముదురు వస్తువే ముందుకు వస్తుందనే నియమం ఏదీ లేదు, లేతదే ముందుకు వస్తుందనే నియమమూ లేదు. నేలతో ఎక్కువ తేడా ఉన్నది ముందుకు వస్తుంది, నేలకు దగ్గరగా ఉన్నది వెనక్కి పోతుంది. దూరపు కొండలు ఆకాశపు రంగులో కలిసిపోవడం మనందరి అనుభవం. ప్యాటర్న్‌లో ఆకాశం స్థానాన్ని నేల రంగు తీసుకుంటుంది.

ప్రతి పొర లోపల ఉండే తేడాను కూడా అదుపులో ఉంచాలి. వెనుక పొరలో ఒక ఆకు 80 మెట్టు మీద ఉన్నా, దాని ఈనెలు 40 మెట్టుతో గీస్తే ఆ ఈనెలు ముందుకు దూకుతాయి, ఆకు మాత్రం వెనుకే ఉండిపోతుంది. వెనుక పొరలో అత్యంత ముదురు బిందువు నడుమ పొర సగటును దాటకుండా చూసుకుంటే ఈ గొడవ తప్పుతుంది. ఇదే తర్కంతో, సూక్ష్మమైన పనితనాన్ని ముందు పొరకు దాచిపెట్టి, వెనుక పొరను ఆకారాలకే పరిమితం చేయడం మంచిది. వెనుక పొర కోసం శ్రమపడి గీసిన ఈనెలను తుడిచేయడానికి చేతులు రావు గాని, తుడిచేయడమే సరైన పని.

ఈ మెట్లను పరీక్షించడానికి డిజైన్‌ను నలుపు తెలుపుల్లోకి మార్చి చూడమని అందరూ చెబుతారు. ఆ మార్పు ఏ పద్ధతిలో చేశామన్నది మాత్రం అంతే ముఖ్యం. ఫొటోషాప్‌లోని ‘డీశాచురేట్’ ఆదేశం ఒక రంగులోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలలో పెద్దదానికీ చిన్నదానికీ సగటు తీసుకుంటుంది. ఆ లెక్కన స్వచ్ఛమైన పసుపు, స్వచ్ఛమైన నీలం రెండూ ఒకే మధ్యస్థ బూడిద రంగుగా మారిపోతాయి, అంటే 97కూ 32కూ ఉన్న తేడా పూర్తిగా మాయమవుతుంది. ఆ ఫలితాన్ని నమ్మి డిజైన్‌ను సరిదిద్దబోతే ఉన్నది కూడా పాడవుతుంది. ఫైల్‌ను గ్రేస్కేల్ మోడ్‌లోకి మార్చడం, లేదా ల్యాబ్ మోడ్‌లో వెలుగు చానెల్‌ను మాత్రమే చూడటం సరైన మార్గం.

వెచ్చని రంగులు ముందుకు, చల్లని రంగులు వెనక్కి అనే సూత్రాన్ని నేను దీని తర్వాతనే లెక్కలోకి తీసుకుంటాను. గాఢమైన ఎరుపు నీలాల విషయంలో దానికి శరీరధర్మ ఆధారం ఉన్నమాట నిజం. కంటి కటకం ఒక్కో రంగు కాంతిని ఒక్కో మేరకు వంచుతుంది కాబట్టి, ముదురు నేల మీది ఎరుపు చాలామందికి నీలం కంటే ముందున్నట్టు కనిపిస్తుంది. అయితే కొందరికి ఇది సరిగ్గా తిరగబడి కనిపిస్తుంది. కొందరికి ఒకలా, మరికొందరికి మరోలా కనిపించే ఆధారం మీద డిజైన్ అంతటినీ నిలబెట్టలేం.

పారదర్శకత: మల్టిప్లైలో క్రమం ఎందుకు పోతుంది

లేయర్లను ఒకదానిపై ఒకటి కలిపే గణితానికి పునాది 1984లో థామస్ పోర్టర్, టామ్ డఫ్ ప్రచురించిన పరిశోధన పత్రంలో ఉంది. పై పొర ఎంత దట్టంగా ఉందో ఆ మేరకు దాని రంగును, మిగిలిన మేరకు కింది పొర రంగును కలపడమే అందులోని ప్రధాన సూత్రం. పై పొర ఓపాసిటీ, అంటే దట్టతనం, 50 శాతం అయితే ఫలితం రెండింటి సగటు. ఫొటోషాప్‌లో లేయర్లు 1994లో 3.0 వెర్షన్‌తో వచ్చాయి, అప్పటినుంచి ఓపాసిటీ, పొరలు కలిసే లెక్కను నిర్ణయించే బ్లెండ్ మోడ్‌లు డిజైనర్ల రోజువారీ పనిముట్లయ్యాయి.

మల్టిప్లై మోడ్ వేరే లెక్క వేస్తుంది. తెర మీది రంగు విలువలు 0 నుంచి 255 వరకు ఉంటాయి. మల్టిప్లై రెండు పొరల విలువలను గుణించి 255తో భాగిస్తుంది. పై పొరలో 200, కింది పొరలో 128 ఉంటే ఫలితం సుమారు 100, అంటే రెండింటికంటే ముదురు. స్క్రీన్ మోడ్ దీనికి తలకిందులు, అవే అంకెలకు 228 దగ్గర ఫలితం ఇస్తుంది, అంటే రెండింటికంటే లేత. ఈ తేడా బట్ట మీద ఏమవుతుందో తెలుసుకోవడానికి మచిలీపట్నం, పెడన ప్రాంతపు కలంకారీ పని మంచి పాఠం. కరక్కాయ, పాలు పట్టించిన బట్ట మీద ఇనుము, బెల్లం కలిపి పులియబెట్టిన ద్రావణంతో నల్లని రూపురేఖలు అద్దుతారు. ఎరుపు రావలసినచోట పటిక అద్ది, తర్వాత రంగునీటిలో ఉడికిస్తారు. కోరమాండల్ తీరం నుంచి 17, 18 శతాబ్దాలలో ఐరోపాకు వెళ్లిన పూల బట్టలలో ఆకుపచ్చ కావలసినచోట నీలిమందు మీద పసుపు వేసేవారు. రంగునీరు నారలోకి ఇంకుతుంది కాబట్టి పై రంగు కింది రంగును కప్పేయదు. రెండూ కలిసి కాంతిని తగ్గిస్తాయి. అది అచ్చంగా మల్టిప్లై చేసే పనే. ఆ పాత బట్టలను మ్యూజియంలలో చూస్తే చాలా ఆకులు ఇప్పుడు నీలంగా కనిపిస్తాయి. పసుపు కాలక్రమంలో వెలిసిపోయి, కింది పొర ఒక్కటే మిగిలింది.

కంప్యూటర్‌లో ఇదే పని చేసి చూద్దాం. ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువల వరసలో నీలిమందు రంగును 90, 130, 170గా, పసుపును 230, 190, 60గా తీసుకుంటే, మల్టిప్లైలో దాదాపు 81, 97, 40 వస్తుంది, అంటే నిండైన ముదురు ఆకుపచ్చ. అదే పసుపును సాధారణ మోడ్‌లో 50 శాతం ఓపాసిటీతో పెడితే 160, 160, 115 వస్తుంది, అంటే చప్పిడి పడిన బూడిద పసుపు. డిజిటల్ డిజైన్లలో పొరలు కలిసేచోట తరచుగా కనిపించే నిర్జీవమైన రంగుకు ఇది ఒక ముఖ్య కారణం. సగటు తీయడం వల్ల కాంతి సరిగా కలవకపోవడం మరో కారణం. తెర మీది విలువలు కాంతి పరిమాణానికి నేరుగా అనులోమంగా ఉండవు, సగం కాంతికి సమానమైన విలువ 128 కాదు, దాదాపు 188. అందుకే ఎరుపు ఆకుపచ్చలను సగం సగం కలిపితే సాధారణ పద్ధతిలో 128, 128, 0 అనే నల్లబారిన రంగు వస్తుంది, కాంతి లెక్కన కలిపితే 188, 188, 0 వస్తుంది. మెత్తని అంచులు, పొగమంచు లాంటి పొరలు వాడేవారు తమ సాఫ్ట్‌వేర్‌లో ఈ రెండో పద్ధతి అమరిక ఉందేమో చూసుకోవడం మంచిది.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. గుణకారంలో ఏది ముందు రాసినా ఫలితం ఒకటే. అంటే మల్టిప్లైలో పెట్టిన రెండు పొరలను తారుమారు చేసినా బొమ్మలో ఏ మార్పూ రాదు. లేయర్ ప్యానెల్‌లో క్రమం ఉంది, బొమ్మలో లేదు. రెండు ఆకులూ ఒకదానిలోంచి ఒకటి కనిపిస్తాయి, వాటి అంచులు టీ కూడలికి బదులు ఎక్స్ ఆకారపు కూడలిగా దాటుకుంటాయి. పారదర్శకతను కన్ను ఎలా గుర్తిస్తుందో 1970లలో వివరించిన ఫాబియో మెటెల్లి పరిశోధనలో ఈ కూడలికి కీలకస్థానం ఉంది. పారదర్శకత తెలుస్తుంది, కాని ఏది పైన అన్నది తేలదు. అందువల్ల మల్టిప్లైని విరివిగా వాడిన డిజైన్‌లో పొరలు ఎన్ని ఉన్నా లోతు పెరగదు, మృదుత్వం మాత్రమే పెరుగుతుంది. వెనుక పొరలో ఆకుల గుంపును మల్టిప్లైతో ఒకదానిలో ఒకటి కరిగించి, దాని ముందు పూర్తి దట్టమైన పూలను సాధారణ మోడ్‌లో నిలపడం నాకు అన్నిటికంటే నమ్మదగిన పద్ధతిగా తోస్తుంది. వెనుక క్రమం తేలకపోవడం అక్కడ లోపం కాదు, అవసరం.

రిపీట్ పెట్టే ఆంక్షలు

ప్రకృతి దృశ్యానికి ఒక క్షితిజరేఖ ఉంటుంది, కింద దగ్గరివి, పైన దూరపువి ఉంటాయి. ప్యాటర్న్‌కు ఆ సౌకర్యం లేదు. టైల్ పైఅంచు తర్వాత మళ్లీ కిందఅంచే వస్తుంది కాబట్టి, కింద ముదురుగా మొదలై పైకి పోయేకొద్దీ లేతగా మారే రంగు తప్పకుండా అంచు దగ్గర తెగుతుంది. తెగకూడదంటే అది మళ్లీ మొదటి విలువకు తిరిగి రావాలి, అలా వచ్చినప్పుడు అది దూరం కాకుండా అల అవుతుంది, బట్ట మీద అడ్డచారలుగా కనిపిస్తుంది. అందుకే ప్యాటర్న్‌లో లోతు ఎప్పుడూ పలుచగానే ఉండాలి. మూడు, మహా అయితే నాలుగు తలాలు చాలు, అవి బట్ట అంతటా ఒకే విధంగా ఉండాలి.

నీడల విషయంలో రిపీట్ ఇంకా కఠినంగా ఉంటుంది. బట్ట అంతటా పరచుకునే ఆల్‌ఓవర్ డిజైన్‌లో ఒకే పువ్వును రకరకాల కోణాలలో తిప్పి చల్లుతాం. నీడ వేసిన తర్వాత పువ్వును తిప్పితే నీడ కూడా తిరుగుతుంది, ఒకే తోటలో నాలుగు దిక్కుల నుంచి నాలుగు సూర్యులు వెలిగినట్టవుతుంది. ముందు తిప్పి, స్థిరపరచి, ఆ తర్వాతనే నీడ వేయాలి. ఇంతటితో సమస్య తీరిపోదు. కన్ను వెలుగు పైనుంచి వస్తుందని అనుకునే అలవాటులో ఉంటుంది, అందుకే కింద నీడ ఉన్నది ఉబ్బెత్తుగా, పైన నీడ ఉన్నది గుంటగా కనిపిస్తుంది. బట్ట కత్తిరించేవారు గుడ్డ వృథా కాకుండా ముక్కలను అటూ ఇటూ తిప్పి పేరుస్తారు. ఒకే దిక్కు వెలుగుతో గీసిన డిజైన్‌లో వెనుక భాగపు ముక్క తలకిందులైతే, చొక్కా ముందువైపు ఉబ్బిన పూలు వెనుకవైపు గుంటలుగా మారతాయి. అలా కాకూడదంటే అన్ని ముక్కలనూ ఒకే దిక్కున కత్తిరించాలి, అంటే ఎక్కువ గుడ్డ పోతుంది. డిజైనర్ ఒక్క క్లిక్కుతో పెట్టిన నీడ ఖర్చును కుట్టేవారు మోస్తారు. నీడ తప్పనిసరి అనిపించినప్పుడు, దిక్కు లేకుండా వస్తువు చుట్టూ అన్నివైపులా సమానంగా నేలను కొద్దిగా ముదురు చేయడం దీనికంటే ఎంతో మేలు.

లేయర్ ప్యానెల్‌కు ఉన్న మరో పరిమితి అంత తేలికగా కంటికి కనిపించదు. అది ఒక నిచ్చెన వంటిది, ప్రతి పొరా మిగిలిన ప్రతి పొరకూ పైనో కిందో ఉండి తీరాలి. కాని అలంకరణ కళలో అత్యంత అందమైన లోతు అల్లికలో ఉంటుంది, అక్కడ మొదటి తీగ రెండోదానికి ఒకచోట పైన, మరోచోట కింద ఉంటుంది. ఏ తీగను ప్యానెల్‌లో పైన పెట్టినా ఒక కూడలి తప్పవుతుంది. మన వాకిళ్లలోని మెలికల ముగ్గును డిజిటల్ ప్యాటర్న్‌గా మార్చేవారికి ఈ చిక్కు వెంటనే ఎదురవుతుంది. నేల మీద పిండితో వేసినప్పుడు గీతలు ఒకదాన్నొకటి దాటుకుంటాయి, ఏది పైన అన్న ప్రశ్న లేదు. దానికి పేటతాడు రూపం ఇవ్వాలంటే ప్రతి కూడలి దగ్గరా తేల్చాలి. అదృష్టవశాత్తూ ఇక్కడ గణితం సహాయపడుతుంది. ప్రతి కూడలిలో రెండు గీతలు మాత్రమే దాటుకుంటున్నంతవరకు, చుట్టూ తిరిగి కలిసే గీతను పట్టుకుని పైన, కింద, పైన, కింద అని వంతులవారీగా వెళితే ఎన్ని మెలికలున్నా ఎక్కడా లెక్క తప్పదు. సాఫ్ట్‌వేర్‌లో చేయవలసింది, పైనుండవలసిన తీగలోని చిన్న ముక్కను ఆ కూడలి దగ్గర నకలు చేసి, దాని కింద కాస్త వెడల్పైన నేలరంగు గీత పెట్టి, అన్నిటికంటే పై లేయర్‌లో ఉంచడం. ఆ వెడల్పు గీత వల్ల కింది తీగ కొంచెం ముందే ఆగినట్టవుతుంది, టీ కూడళ్లు స్పష్టపడతాయి.

అద్దం ప్రతిబింబంగా తయారయ్యే డిజైన్లలో ఇదే సమస్య మరోలా వస్తుంది. మధ్యగీత మీద ఎడమ తీగ కుడి తీగను పైనుంచి దాటితే, అద్దంలో కుడిది ఎడమదాన్ని పైనుంచి దాటాలి, రెండూ ఒకేచోట సాధ్యం కావు. కాబట్టి అల్లికకూ పూర్తి ప్రతిబింబానికీ పొత్తు కుదరదు. మధ్యగీత మీది కూడళ్లను చేత్తో విడిగా సరిచేయాలి, లేదా అక్కడ తీగలు దాటుకోకుండా ఒక పువ్వును నిలపాలి.

చేపపొలుసుల వంటి డిజైన్లలో, జపాన్ వారి సెయిగైహా అలల నమూనాలో, ప్రతి వరసా పక్క వరసను కప్పుతూ అంతులేకుండా సాగుతుంది. అక్కడ ఒక మోటిఫ్ తన సొంత నకలును తానే కప్పాలి, ఒకే టైల్ లోపల గీస్తే అది కుదరదు. పై నుంచి కింది దాకా టైల్ కంటే పెద్ద మైదానంలో వరసలు పేర్చి, చివర్లో నడుమ నుంచి ఒక రిపీట్‌ను కత్తిరించుకోవడమే దీనికి మార్గం.

ఆంక్షల గురించి ఇంత చెప్పాక, రిపీట్ ఇచ్చే ఒక వరం గురించి కూడా చెప్పాలి. అన్ని పొరలూ ఒకే కొలతలో రిపీట్ కావలసిన అవసరం లేదు. వెనుక పొర 16 సెంటీమీటర్లకు, ముందు పొర 24 సెంటీమీటర్లకు ఒకసారి తిరిగి వస్తే, రెండూ కలిసిన బొమ్మ వాటి కసాగు అయిన 48 సెంటీమీటర్లకు గాని తిరిగి రాదు. 14, 18 తీసుకుంటే 126 సెంటీమీటర్లు. ముందు పూల వెనుక ప్రతిసారీ వేరే ఆకు కనిపిస్తుంది కాబట్టి, రెండు పొరలూ ఒకే ముద్ద కాదని, వేర్వేరు తలాలని కన్ను నమ్ముతుంది. గొట్టం ఆకారపు జల్లెడ తిరుగుతూ అచ్చువేసే రోటరీ స్క్రీన్ పద్ధతికి వెళ్లే డిజైన్‌లో ఈ లెక్కకు హద్దు ఉంది. విరివిగా వాడే స్క్రీన్ చుట్టుకొలత 64 సెంటీమీటర్లు కాబట్టి నిలువు రిపీట్ అందులో సరిగ్గా ఇమడాలి. అప్పుడు వెనుక పొరను ఒక చుట్టుకు 4 సార్లు, ముందు పొరను 3 సార్లు వచ్చేలా అమర్చుకోవచ్చు. ఇంక్‌జెట్ డిజిటల్ ప్రింటింగ్‌కు ఈ హద్దు లేదు, ఫైల్ పరిమాణం మాత్రమే చూసుకోవాలి. 63 సెంటీమీటర్ల టైల్‌కు అంగుళానికి 150 చుక్కల చొప్పున సుమారు 3,720 పిక్సెళ్లు అవుతాయి, అది నేటి కంప్యూటర్లకు బరువేమీ కాదు. అయితే ఇలా కలిసిన పెద్ద టైల్‌ను మొత్తం కళ్లతో వెతకాలి, ఎక్కడో ఒకచోట ముందు పువ్వు అంచూ వెనుక ఆకు అంచూ ముట్టుకుని ఆగే అవకాశం ఎప్పుడూ ఉంటుంది.

బట్ట మీదికి వెళ్లాక

తెర వెలుగును వెదజల్లుతుంది, బట్ట వెలుగును మింగుతుంది. నూలు బట్ట మీద, నారతో రసాయనికంగా కలిసే రియాక్టివ్ ఇంక్ నారలోకి కొంత పాకుతుంది, ముదురు మెట్ల మధ్య తేడాలు ముందుగా కరిగిపోతాయి. తెర మీద 20, 28 మెట్లుగా వేరుగా కనిపించిన రెండు పొరలు గరుకు నూలు మీద ఒకటైపోవచ్చు, అవే మెట్లు పాలిస్టర్ మీద, వేడితో రంగును ఆవిరిగా మార్చి ఎక్కించే సబ్లిమేషన్ ముద్రలో ఇంకా విడిగా నిలవవచ్చు. కాబట్టి నూలుకు వెళ్లే డిజైన్‌లో ముదురు కొసన మెట్లను దూరంగా పెట్టి, తక్కువ పొరలతో సరిపెట్టుకోవడం వివేకం. వెనుక పొరను బ్లర్ చేసి దూరం చూపించే పద్ధతి ఫొటోగ్రఫీ నుంచి వచ్చింది. బట్ట మీద అది తరచుగా ముద్రణ లోపంగానే కనిపిస్తుంది. బ్లర్‌కు బదులు అంచును పదునుగానే ఉంచి, నేలతో తేడాను తగ్గించడం మంచిది.

బట్ట ఎలా వాడబడుతుందన్నది కూడా లోతును నిర్ణయిస్తుంది. గోడకు అతికే కాగితం చదునుగా ఉంటుంది. చీర కుచ్చిళ్లుగా మడతపడుతుంది, ప్రతి మడతకూ నిజమైన వెలుగునీడలు ఉంటాయి. ముద్రించిన నీడ ఆ నిజమైన నీడతో పోటీపడి ఓడిపోతుంది. అందుకే కుచ్చిళ్లలోకి వెళ్లే భాగంలో కప్పడం, ముదురు లేతల మెట్లు అనే రెండు ఆధారాలతోనే పని ముగించి, పరచుకుని కనిపించే పల్లూలో మాత్రం అల్లికలు, పారదర్శకతలు, చిన్న వివరాలు పెట్టుకోవడం న్యాయం.

స్ట్రైక్-ఆఫ్ అని పిలిచే నమూనా ముక్క చేతికి వచ్చినప్పుడు దాన్ని బల్ల మీద పరచి చూడటం సరిపోదు. కనీసం రెండు రిపీట్లు కనిపించేంత ముక్క తెప్పించుకుని, మడతలు పడేలా వేలాడదీసి, పగటి వెలుగులో రెండు మూడు మీటర్ల దూరం నుంచి చూడాలి. పొరలు విడివిడిగా నిలిచాయా, ముందు పువ్వులు కలిసి అనుకోని చారలు కట్టాయా అన్నది అక్కడ తేలుతుంది. తర్వాత అదే ముక్కను తలకిందులుగా వేలాడదీసి మరోసారి చూడాలి. పూలు గుంటలుగా మారాయంటే నీడలో ఇంకా ఒక దిక్కు మిగిలి ఉందని అర్థం, ఫైల్‌లో దాన్ని తీసేసిన తర్వాతనే మీటర్లలో అచ్చుకు పంపాలి.